రసం, గడ్డి, ఓ చుక్క సొన

"అమ్మా, సిగరెట్లు మానేశాను, ఇప్పుడు వేప్ వాడుతున్నాను" అని 2014లో ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మ ఎంత సంబరపడిందో! "మంచి పని చేశావు నాన్నా. ఆ పేస్టులన్నీ వట్టి సున్నం. అయినా మీ లండన్లో వేపపుల్లలెక్కడ దొరుకుతున్నాయిరా?" అంది. మేముండేది లండన్ కాదమ్మా, రెడింగ్ అని అప్పటికి ఏడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. వేప వేరు, వేప్ వేరు అని చెప్పడానికి మాత్రం ఓ వారం ఆగాను. ఆ సంతోషం వారమైనా ఉండనిద్దామని.

అసలు విషయం తెలిశాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పొగ వస్తుందా రాదా?"

"పొగ కాదమ్మా, ఆవిరి."

"ఏదైతేనేం, నోట్లోంచేగా వచ్చేది."

నా పొగ చరిత్ర పెద్ద విశేషమేమీ కాదు. 1999లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేస్తూ, టీకొట్టు దగ్గర పక్కవాడి సిగరెట్టులో సగంతో మొదలు. ఆ సగం కాస్తా 2007కి రోజుకో పెట్టె అయింది. నేనీ దేశంలో దిగింది ఆ ఏడాది జూన్ చివర్లో. సరిగ్గా జూలై 1 నుంచి ఇంగ్లండులో ఆఫీసుల్లో, పబ్బుల్లో పొగ నిషేధం. నాకు స్వాగతం పలకడానికే చట్టం చేసినట్టుంది :-). తర్వాత ఏడేళ్ళు వానలో, మంచులో, క్లయింటు ఆఫీసుల వెనక చెత్తడబ్బాల పక్కన నిలబడి కాల్చాను. ఆ చెత్తడబ్బాల దగ్గర పరిచయమైనవాళ్ళ వల్ల రెండు కాంట్రాక్టులు దొరికాయి కూడా, అది వేరే కథ.

వేప్‌కి మారాక దుకాణంలో కొన్న మొదటి సీసా మామిడి. నూజివీడు పక్క ఊరివాణ్ణి, ఇంకేం కొంటాను? (నూజివీడు 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉందట. మాకు మాత్రం అది కృష్ణా జిల్లాయే.) ఓ దమ్ము లాగాను. చిన్నప్పుడు మామిడి చాక్లెట్టు తినేసి, చివర్న దాని కాగితం నాకితే ఎలా ఉంటుందో అలా ఉంది. 10 ఎమ్మెల్ సీసాకి నాలుగు పౌన్లు పెట్టి కాగితం నాకడమేమిటని మా ఆవిడ నవ్వింది. ఆ ఉక్రోషంతోనే, 2015లో, సొంతంగా కలుపుకుంటానని కూర్చున్నాను.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, నికోటిన్, రుచి, ఈ నాలుగే సరుకులు. మొదటిది నీళ్ళలా పలచగా ఉండి రుచిని మోస్తుంది, గొంతులో కాస్త గరగర పుట్టిస్తుంది. రెండోది పాకంలా చిక్కగా, తియ్యగా ఉంటుంది. ఆవిరి దట్టంగా వచ్చేది దానివల్లే, కానీ రుచుల గొంతు నొక్కేది కూడా అదే. నేను 70 పాళ్ళు గ్లిజరిన్, 30 పాళ్ళు గ్లైకాల్ వాడతాను. చుక్కలు లెక్కపెట్టడం మానేసి, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తక్కెడ కొన్నాక పని సుళువైంది. ఒక చుక్క 0.02, 0.03 గ్రాముల మధ్య ఎక్కడో ఉంటుంది. 30 ఎమ్మెల్ సీసాలో అర శాతం అంటే ఆరేడు చుక్కలే, ఒక చుక్క అటూ ఇటూ అయితే రుచి మారిపోతుంది. ఇక నికోటిన్ విషం. చర్మం మీద పడితే లోపలికి ఇంకుతుంది. తొడుగుల్లేకుండా ముట్టుకోను, పనయ్యాక అన్నీ తాళం వేసిన అరలోకి పోతాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా వదినగారు ఒకసారి హైదరాబాదు నుంచి వస్తూ ఏలకుల ఎసెన్సు సీసా తెచ్చారు, "మీరేవో కలుపుతారటగా" అంటూ. ఎంత మంచి వాసనో! అట్ట మీద చూస్తే అది నూనెలో తీసింది. పాయసంలో వేసుకున్నాం గానీ నా సీసా దరిదాపులకి రానివ్వలేదు. కడుపులోకి పోయే నూనె వేరు, ఊపిరితిత్తుల్లోకి పోయే నూనె వేరు. 2019లో అమెరికాలో వేప్ చేసేవాళ్ళు వరసగా ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది వాడినవి గంజాయి సరుకు నింపిన గొట్టాలు, వాటిలో చిక్కదనానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్ నూనెలాంటి పదార్థమే. తినడానికి పనికొచ్చేదల్లా పీల్చడానికి పనికిరాదు. వెన్నవాసన ఇచ్చే డయాసిటైల్ సంగతీ అంతే. 2000లో మిస్సోరిలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీ పనివాళ్ళకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక అది బయటపడింది. ఈ దేశంలో వేప్ ద్రవాల్లో దాన్ని వాడకూడదు. అది లేకుండా కస్టర్డ్ రుచి తేవాలని కొందరు బ్యుటిరిక్ ఆమ్లం వైపు పోతారు. అది ఒక్క పిసరు ఎక్కువైందా, ముక్కిపోయిన వెన్నే.

సరే, మామిడి దగ్గరికొద్దాం.

ఎక్సెల్లో ఒక షీటు తెరిచి "మామిడి 0.1" అని పేరు పెట్టాను. కంపెనీ వాడు 5 శాతం వెయ్యమన్న చోట 15 వేశాను. మనవాళ్ళ చెయ్యి పెద్దది కదా. రుచి మూడింతలు రావాలి, కానీ అసలు రాలేదు. ఏదో రంగు వాసన, దాని వెనక గొంతు మంట. ఒకే వాసన మోతాదు మించితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుందని అప్పుడు తెలిసింది. ఎదురుగా నిలబడి అరిచేవాడి మాట వినపడనట్టు. 0.2లో తీపి చాలలేదేమోనని ఈథైల్ మాల్టాల్ దండిగా పోశాను. అది పీచుమిఠాయి వాసన ఇచ్చే పదార్థం. చిటికెడైతే పళ్ళ రుచికి మాగిన గుణం తెస్తుంది, ఎక్కువైతే పక్కనున్న రుచులన్నిటి మీదా దుప్పటి కప్పేస్తుంది. 0.3లో బత్తాయి, పైనాపిలు, అరటి అన్నీ కలిపాను. అది పెళ్ళి భోజనాల్లో చివర్న ఇచ్చే ఫ్రూట్‌సలాడ్. 0.4 గురించి చెప్పను.

ఇక్కడ ఉగాది పచ్చడి ప్రస్తావన తెస్తానని మీరు ఎదురుచూస్తుంటారు. తేను. ఉగాది పచ్చడిలో ఆరూ విడివిడిగా తెలియాలి, నాకు కావలసింది ఏదీ విడిగా తెలియకపోవడం. దానికి నాకు దారి చూపించింది మా ఆవిడ పెట్టే పులుసు. తను వేప్ ముట్టదు, ఆ వాసనంటేనే పడదు, కానీ ముక్కు మాత్రం కుక్కముక్కు (ఈ మాట తను చదవదని ధైర్యం). 0.5 సీసా మూత తీసి వాసన చూసి, "తీపి ఎక్కువైందని తీపి తగ్గిస్తున్నారు మీరు. పులుసులో నేనలా చెయ్యను. బెల్లం ఎక్కువైతే ఇంకాస్త చింతపండు పిసుకుతాను" అంది. ఒక నిమిషమాగి, "ఇందులో పండుంది గానీ కాయ లేదండీ" అని కూడా అంది.

కాయ లేకపోవడమేమిటా అని రెండు రోజులు ఆలోచించాను. తర్వాత వెలిగింది, సొన. రసం తినేవాడెవడైనా ముందు తొడిమ దగ్గర కొరికి, ఆ జీడి పిండి పారేసి, అప్పుడు నోట్లో పెట్టుకుంటాడు. ఎంత పిండినా కాస్త మిగులుతుంది. మూతి పొక్కేది దానివల్లే, అది మామిడి అని ముక్కుకి తెలిసేది కూడా దానివల్లే. ఆ జిగురువాసన టెర్పీన్లది, దేవదారు చెట్టు బంకలో ఉండే జాతివే. మిఠాయిల కోసం చేసిన మామిడి రుచుల్లో దాన్ని దాదాపు తీసేస్తారు. నా దగ్గర ఇంకో కంపెనీ మామిడి ఉంది, విడిగా కలిపి పీలిస్తే గచ్చు కడిగే ఫినాయిల్లా ఉందని మూలన పడేసింది. దాన్ని అర శాతం వేశాను. అంతే, కాయ వచ్చింది. మొదటిసారి, రెడింగ్‌లో మా గ్యారేజీలో, మామిడిపండు వాసన వచ్చింది.

జోడు కుదరడమంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. మామిడికి మామిడి కలిపితే గొడవే. పీచ్ పండు కలిపితే మామిడి కండ పడుతుంది, ఎందుకంటే పీచ్‌కి ఆ మెత్తని వాసన ఇచ్చే లాక్టోన్ల జాతివి మామిడిలోనూ ఉంటాయి. రెండూ ఒకచోట ఆనుకుని నిలబడతాయి, ముక్కుకి అతుకు దొరకదు. నిమ్మ కలిపితే పదును వస్తుంది గానీ కండ పోతుంది. (అన్నట్టు, నిమ్మ, దాల్చినచెక్క రుచులు కొన్నిరకాల ప్లాస్టిక్ ట్యాంకుల్ని పగలగొడతాయి. నాకో ట్యాంకు పోయింది, లాప్‌టాప్ బ్యాగులోనే.) కస్టర్డ్ ఒక్క శాతం వేస్తే పండుకి అడుగున పీట వేసినట్టుంటుంది, మూడు శాతం వేస్తే మేంగో మిల్క్‌షేక్. ప్రతిసారీ ఒకే సరుకు మార్చాలి, మిగతావి కదపకూడదు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్లో అయిదు మార్పులు ఒకేసారి పెట్టి ఏది పగలగొట్టిందో తెలియక జుట్టు పీక్కున్నవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

2017 మే నాటికి 0.9 దగ్గరికొచ్చాను. తియ్యమామిడి 4 శాతం, పీచ్ ఒకటిన్నర, కస్టర్డ్ 1, సొనమామిడి అర. ఆ ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు సీసా తీసుకెళ్ళాను.

మా నాన్నకి రెండెకరాల మామిడితోట, నోట్లో చుట్ట. నాకు జ్ఞానం వచ్చినప్పటినుంచీ ఆ రెండూ లేకుండా ఆయన్ని చూడలేదు. మధ్యగదిలో పెద్ద పందిరిమంచం, దాని కింద వరిగడ్డి పరిచి రసాలు మగ్గబెట్టేవాళ్ళు. మంచం మీద నాన్న, చుట్ట. మేలో ఆ గదిలోకి వెళ్తే వచ్చే వాసన ఒకటుంది. అది నేనింకెక్కడా ఎరగను.

సీసా మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని చాలాసేపు చూశారు. కాయ చేతిలోకి తీసుకుని ఇది ఎన్నాళ్ళకి పండుతుందో చెప్పే మనిషి. చివరికి, "పండింది గానీ మగ్గలేదురా" అన్నారు.

"అంటే?"

"చెట్టున పండితే ఇలాగే ఉంటుంది. గడ్డేదీ?"

తర్వాత ఓ దమ్ము లాగి చూశారు. "సెంటు తాగినట్టుంది" అని తిరిగి ఇచ్చేశారు. చుట్ట కంటే ఇది నయం నాన్నా, 2015లో ఇక్కడి పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాళ్ళు సిగరెట్టు కంటే 95 శాతం తక్కువ హాని అని అంచనా వేశారు అని చెప్పాను. "మిగతా అయిదూ నీ కోసం ఉంచారా?" అన్నారు. అప్పటికే ఆయనకి పెరట్లోంచి వీధి గుమ్మం దాకా వస్తే ఆయాసం వచ్చేది. నేను గట్టిగా మాట్లాడాల్సింది. నా చేతిలోనూ ఒకటి పెట్టుకుని ఏం గట్టిగా మాట్లాడతాను?

గడ్డి కోసం రెండేళ్ళు పట్టింది. వనిల్లా చూశాను, బాదం చూశాను, టీ ఆకు చూశాను. చివరికది దొరికింది నేను పారిపోయి వచ్చిన చోటే. పొగాకు రుచులని అమ్ముతారు. వాటిలో నేను కొన్నదాన్లో పొగాకు ఏమీ లేదు, వట్టి ల్యాబు సరుకు. 2 శాతం వేస్తే పాత సిగరెట్టు పెట్టె. కానీ 0.3 శాతం, అంటే ఒక సీసాకి మూడు నాలుగు చుక్కలు, వేసి రెండు వారాలు చీకట్లో పెడితే, పొగాకు వాసన పోయి ఎండుగడ్డి మిగులుతుంది. పళ్ళ రుచులు ఒక్క రోజులో కుదురుకుంటాయి గానీ కస్టర్డు, పొగాకు లాంటివి ఆగాలి. ఆవకాయ మూడో రోజున తిరగ కలిపినప్పుడు ఆవఘాటు ముక్కులో పొడుస్తుంది కదా, నెల పోయాక అదే ఎక్కడికి పోయిందో తెలియదు. ఇదీ అంతే, మగ్గాలి.

0.14. 2019 ఆగస్టులో కలిపి, సెప్టెంబరు మొదట్లో మూత తీశాను. మా ఆవిడ వాసన చూసి ఏమీ అనలేదు, నా మొహంలోకి చూసింది. మామిడి, గడ్డి, పక్కనే ఎక్కడో చుట్ట. గడ్డి కోసం వేసిన పొగాకు ఆ గదిలో ఉన్న మూడోదాన్ని కూడా తెస్తుందని నాకు తట్టనే లేదు.

డిసెంబరులో వెళ్ళేటప్పుడు నాన్నకి చూపిద్దామని ఒక సీసా పక్కన పెట్టాను. సెప్టెంబరు 18న మన దేశంలో ఈ-సిగరెట్ల మీద ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. తయారీ, దిగుమతి, అమ్మకం, అన్నీ నిషేధం. సిగరెట్టు, బీడీ, చుట్ట మాత్రం కిళ్ళీకొట్లో ఎప్పట్లాగే. దాని మీద నాకు అభిప్రాయాలున్నాయి గానీ, కుర్రకారు సంగతి చూస్తే ఆ చట్టం చేసినవాళ్ళది పూర్తిగా తప్పని కూడా అనలేను. ఆ మాట తర్వాత చెబుతాను. విమానాశ్రయంలో తగువు ఎందుకని సీసా, మిషను రెండూ రెడింగ్‌లో వదిలేసి వెళ్ళాను. నికోటిన్ బిళ్ళలు కొన్ని జేబులో పెట్టుకున్నాను.

ఈసారి నాన్న పందిరిమంచం మీద లేరు. విజయవాడలో ఆస్పత్రిలో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మాట రెండు ముక్కలుగా వచ్చేది. ఒక మధ్యాహ్నం, "గడ్డి... కుదిరిందా?" అన్నారు. రెండేళ్ళ కిందటి మాట గుర్తుంది ఆయనకి. కుదిరింది నాన్నా అన్నాను. చెయ్యి చాపారు. తేలేదని చెప్పాను. తెచ్చినా ఆ గొట్టం పక్కన ఆయన ముక్కుకేం తెలిసేది అని తర్వాత చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. జనవరిలో పోయారు.

కార్యక్రమాలైన సాయంత్రం నాన్న స్నేహితుడొకాయన అరుగు మీద కూర్చుని సిగరెట్టు పెట్టె నా వైపు జరిపారు. బిళ్ళలు అయిపోయి మూడు రోజులైంది. తీసుకున్నాను. అయిదున్నరేళ్ళ తర్వాత. పదకొండు రోజులు కాల్చాను, అమ్మ చూస్తుండగానే. ఆవిడ ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉండింది.

తిరిగొచ్చాక మళ్ళీ 0.14. అది ఎంత బాగా కుదిరిందంటే, రోజుకి 4 ఎమ్మెల్ అయ్యేది 7కి పోయింది. అప్పటిదాకా నా లెక్కేమిటంటే, 12 మి.గ్రా. బలం నుంచి 6కి తగ్గాను కాబట్టి సగం మానేసినట్టే. కూర్చుని గుణించి చూశాను. పన్నెండు నాలుగులు 48. ఆరు ఏడులు 42. సగమనుకున్నది పోయింది ఆరు మిల్లీగ్రాములు! రుచి బాగా కుదిరితే నష్టం కూడా ఉందన్న మాట. అసలు రుచి కుదరని రోజుల్లోనే తక్కువ తాగేవాణ్ణి.

ఆ తర్వాతి దెబ్బ 2021 జనవరిలో. ఇంటిల్లిపాదికీ కోవిడ్, నాకు వాసన పోయింది. పొద్దున ఫిల్టరు కాఫీ వేడినీళ్ళలా ఉంది. వణుకుతూ గ్యారేజీలోకెళ్ళి 0.14 పీల్చాను. మామిడి లేదు, గడ్డి లేదు, నాన్న లేరు. నాలుక మీద తీపి, గొంతులో చురుకు. అంతే. మనం రుచి అనేదాంట్లో ముప్పాతిక మూడొంతులు ముక్కుదేనని చదవడం వేరు, అది పోయాక తెలుసుకోవడం వేరు.

చెప్పాల్సిన సంగతి ఇప్పుడొస్తుంది. ఆ వాసన లేని ఆవిరిని నేను మానలేదు. అయిదు వారాలు, రోజుకి ఏడు ఎమ్మెల్, ఒక్క చుక్క తగ్గకుండా పీల్చాను. ఆరేళ్ళుగా ఎక్సెల్లో నేను దిద్దుకుంటున్నది మామిడి అనుకున్నాను. మామిడి లేకపోయినా మిషను కిందపెట్టలేకపోయాను.

వాసన తిరిగి రావడానికి డాక్టర్లు గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం రోజుకి రెండుసార్లు వాసన చూడమంటారు. నాకు వాటితోపాటు అరనిండా రుచుల సీసాలున్నాయి. ముందు లవంగం వచ్చింది. తర్వాత కాఫీ కాలిన రబ్బరులా వచ్చింది. మామిడి వచ్చిందని సంబరపడేలోపు అది కుళ్ళిన ఉల్లిపాయలా వచ్చింది. ఆ వేసవంతా 0.14 మూత తీస్తే కడుపులో తిప్పేది. సరైన వాసన రావడానికి సెప్టెంబరు దాటింది. కానీ ఆ మధ్యలోనే, ఏ వాసనా నమ్మదగ్గది కాని రోజుల్లో, 6 నుంచి 3కి దిగాను. ఈసారి ఎమ్మెల్లు కూడా రాసిపెట్టుకుంటూ.

దిగాక తెలిసిందేమిటంటే నికోటిన్ కూడా ఒక రుచే. దానికి మిరియం లాంటి ఘాటు, వెనకాల ఓ చేదు ఉంటాయి. కూరలో కారంలాగా అది అన్నిటినీ పట్టి ఉంచుతుంది. దాన్ని సగం చేస్తే రెసిపీలో మిగతా అంకెలన్నీ అవే ఉన్నా తీపి రెండింతలైనట్టు అనిపిస్తుంది, గొంతులో ఖాళీ. ఆ ఖాళీ వల్లే చాలామంది మళ్ళీ పాత బలానికి వెళ్ళిపోతారు, రుచి బాగాలేదనుకుని. నేనూ రెండుసార్లు వెళ్ళాను. చివరికి తియ్యమామిడి 4 నుంచి 3కి తెచ్చి, సొనమామిడి అర నుంచి 0.8కి పెంచి, నల్లటీ రుచి అర శాతం వేశాను, వగరు కోసం. గ్లైకాల్ కాస్త పెంచాను, గొంతుకి తెలియాలి కదా. మా ఆవిడ చెప్పిన చింతపండు సూత్రమే. ఘాటు తగ్గిన చోట వగరు నిలబడింది. 3 నుంచి 1.5కి దిగేటప్పుడు ఈ పనంతా మళ్ళీ మొదటినుంచి. దీనికి అడ్డదారి దొరకలేదు.

కుర్రకారు సంగతి చెబుతానన్నాను. 2023లో మా అమ్మాయికి పదమూడేళ్ళు. స్కూలు దారిలో పేవ్‌మెంటు మీద రంగురంగుల డిస్పోజబుల్ వేపులు పడి ఉండేవి, లాలీపాపు పుల్లల్లా. పద్దెనిమిది నిండనివాళ్ళకి అమ్మకూడదని 2015 అక్టోబరు నుంచీ చట్టముంది ఇక్కడ, అయినా. ఒకరోజు ఒకటి చేతిరుమాలుతో తీసి తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మామిడి. "ఇది పిల్లల కోసమే కదా నాన్నా ఈ ఫ్లేవరు?" అంది. కాదు, నలభై దాటినవాళ్ళు కూడా సిగరెట్టు మానడానికి... అని ఏదో మొదలుపెట్టాను. తను విని, "మరి నీది కూడా అదే వాసన" అని లోపలికి పోయింది. వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి ఇక్కడ నిషేధించారు. తన ప్రశ్నకి నా జవాబు మాత్రం ఇంకా అక్కడే ఆగి ఉంది. గ్యారేజీలో కలపడం, మూత తియ్యడం, పీల్చడం అన్నీ తను ఇంట్లో లేనప్పుడే చేస్తాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

అమ్మ తోట కౌలుకిచ్చేసింది గానీ నాలుగు బుట్టలు ఇంటికి పంపాలని షరతు పెట్టింది. పందిరిమంచం అక్కడే ఉంది. కింద గడ్డి పరిపిస్తుంది ఇప్పటికీ. మొన్న వీడియో కాల్లో ఫోను మంచం కిందకి పెట్టి చూపించింది, గడ్డిలోంచి పసుపు తొంగిచూస్తోంది. "వాసనొస్తోందా?" అంది. వస్తోందమ్మా అన్నాను. "ఇంకా ఆ పుల్ల మానలేదా?" అంది వెంటనే. ఆవిడకి అది పుల్లగానే స్థిరపడిపోయింది.

ఈ ఆదివారం 0.19 కలపాలి. 18 మి.గ్రా. నికోటిన్ 4 ఎమ్మెల్ మిగిలి ఉంది. 30 ఎమ్మెల్ సీసాకి 1.5 బలం రావాలంటే రెండున్నర చాలు. మిగతా ఒకటిన్నరతో ఇంకో సీసా కలిపితే 0.9 వస్తుంది. దానికి టీ ఎంత పెంచాలో, సొన ఎంతవరకు తట్టుకుంటుందో ఇంకా తేల్చుకోలేదు. మా ఆవిడ ఈసారి బెల్లం మాట ఎత్తకుండా, గడ్డి మాత్రం తగ్గించొద్దంది.